బొమ్మలు కొనడమేంది, చేసేవాళ్ళం!

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మేముండే అపార్టుమెంటులో ఏ బిడ్డ మొదటి పుట్టినరోజుకు పోయినా నాకు మనసు కష్టమవుతుంది. హాలు మూలన బొమ్మల పెట్టెలు గుట్టగా పడుంటాయి. నొక్కితే పాడే ఏనుగు, చప్పట్లు కొడితే తిరిగే కారు, ఇంగ్లీషు అక్షరాలు చదివే పలక, దీపాలు వెలిగే డోలు. అన్నిట్లోనూ బ్యాటరీలే. ఏడాది బిడ్డ ఆ వెలుగులకీ మోతకీ బెదిరి అమ్మ భుజంలో మొహం దాచుకుంటుంది. చుట్టాలంతా పోయాక ఆ బిడ్డ దేనితో ఆడుకుంటుందో చూడండి. బొమ్మ వచ్చిన అట్టపెట్టెతో. అందులో కూర్చుంటుంది, మూత వేసుకుంటుంది, తీస్తుంది, మళ్ళీ వేసుకుంటుంది. తల్లిదండ్రులు చూసి మురిసిపోయి ఫోనులో ఫొటో తీస్తారు. మర్నాడు ఇంకో బొమ్మకి ఆర్డరు పెడతారు. తనకేం కావాలో బిడ్డ మాటలు రాకముందే చెప్తుంటే వినరేమి?

మా రోజుల్లో మూడేళ్ళ లోపు బిడ్డకి బొమ్మ కొనడమనే మాటే లేదు. పెంచలకోన తిరునాళ్ళకో, రంగనాయకుల స్వామి ఉత్సవాలకో పోతే లక్కపిడతలు, బూరలు కొనేవాళ్ళు. అవి అయిదారేళ్ళ పిలకాయలకి. పాకే బిడ్డకి, తప్పటడుగులు వేసే బిడ్డకి కావలసింది ఇంట్లోనే తయారయ్యేది. అవ్వ చేసేది, మేనత్త చేసేది, పొలం నించి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక నాయన చేసేవాడు. డబ్బుల్లేక చేసుకున్నారని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. అది తప్పు. నూరు పుట్లు పండించే ఆసామి ఇంట్లో కూడా పసిబిడ్డ చేతిలో ఉండేది తాటాకు గిలకే.

మాది నెల్లూరు నించి మైపాడు పోయే దారిలో ఒక పల్లె. ఒక పక్క వరిపొలాలు, ఇంకో పక్క ఇసక దిబ్బలు. ఆ ఇసకలో తాటిచెట్లు, టెంకాయ చెట్లు, సరుగుడు తోపులు. వాటి అవతల బకింగ్‌హాం కాలువ, అది దాటితే పట్టపుపాళెం, ఆపైన సముద్రం. పిలకాయల ఆటకి ఇంతకంటే ఏం కావాలి? తాటి ఆకు, టెంకాయ చిప్ప, గవ్వ, ఇసక, పాత నేత చీర. వీటిలో ఏ ఒక్కటీ డబ్బు పెట్టి తెచ్చింది కాదు. పట్టపుపాళెం నించి చేపలు అమ్మొచ్చే అమ్మ వలకి కట్టే పాత బెండు ముక్క తెచ్చిచ్చేది. నాయన కత్తితో దాన్ని చెక్కి చిన్న తెప్ప చేసేవాడు. బిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు ఆ తెప్పని గంగాళంలో వదిలితే తలంటికి ఏడ్చే బిడ్డ ఏడుపు మరిచిపోయేది.

గుడ్డ బొమ్మ సంగతి వివరంగా చెప్తాను, అది మన ఇళ్ళలో పూర్తిగా మాయమైపోయింది కాబట్టి. మా అవ్వ దానికి కొత్త గుడ్డ ముట్టనిచ్చేది కాదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర కావాలి. కత్తెర వాడేది కాదు. అంచు దగ్గర పంటితో గాటు పెట్టి బర్రున చించేది. చించితే నూలు వెంబడి తిన్నగా పోతుంది. జానెడు వెడల్పు పీలిక తీసుకుని, పోగులు బిడ్డ నోట్లోకి పోకుండా అంచులు లోపలికి మడిచి, బిగువుగా చుట్టేది. ఆ చుట్టని మధ్యకి మడిస్తే మడత దగ్గర తల, రెండు కొసలూ కాళ్ళు. తలలో గుప్పెడు బూరుగు దూది కుక్కి, మెడ దగ్గర దారం నాలుగు చుట్లు చుట్టి, ముడి వెనక్కి వేసేది. ఇంకో సన్న చుట్టని అడ్డంగా దూర్చి, దాని కింద నడుము కడితే చేతులు వచ్చేవి. కళ్ళకి నల్ల పూసలు కుట్టమని నేను మారాం చేస్తే అసలు ఒప్పుకునేది కాదు. "పూస ఊడిందంటే పిల్లోడి గొంతులో పడతది. దారంతో కుట్టు, అదే చాలు" అనేది. నల్ల దారంతో కన్నుకో కుట్టు, ఎర్ర దారంతో నోరు. అంతే, బొమ్మకి ప్రాణం వచ్చేది. మాసిపోతే వేణ్ణీళ్ళలో ఉడకేసి ఎండలో ఆరేసేవాళ్ళం.

ఆ బొమ్మకి అమ్మ చీర వాసన ఉండేది. అమ్మ నాట్లకి పోయిన పొద్దు మా తమ్ముడు దాన్ని బుగ్గ కింద పెట్టుకుని పడుకునేవాడు. ఇంగ్లండులో డొనాల్డ్ వినికాట్ అని ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు. తల్లి దగ్గర లేని వేళ బిడ్డ పట్టుకునే గుడ్డ ముక్కా, మెత్తటి బొమ్మా ఆ బిడ్డ మనసుకి ఎంత ఆసరానో ఆయన పెద్ద వ్యాసం రాశాడు. అది 1953లో అచ్చయింది. ఆయన పేరు మా అవ్వకి తెలిసే వీలు లేదు. ఆమెకి బిడ్డ తెలుసు. ఇప్పుడు అంగట్లో నించి తెచ్చే బొచ్చు ఎలుగుబంటికి ఏ అమ్మ వాసన ఉంటుంది? ఫ్యాక్టరీ వాసన తప్ప!

నెలల బిడ్డకి గిలక. తాటి మొవ్వ నించి లేత ఆకు కోసి, ఈనె తీసేసి, బొటనవేలు వెడల్పు పీలికలు చేసేవాళ్ళు. రెండు పీలికల్ని అడ్డం నిలువు వేసి మడుస్తూ పోతే నాలుగు పలకల చిన్న పెట్టె తయారవుతుంది. మూసేముందు అందులో ఇసకలో ఏరిన చిన్న గవ్వలు నాలుగైదు వేయాలి. మిగిలిన ఆకుని మెలిపెట్టి అల్లితే పిడి. రంగు లేదు, జిగురు లేదు, మేకు లేదు. బిడ్డ నోట్లో పెట్టుకుని చప్పరిస్తే చప్పరించనీ, అది ఆకే. చప్పుడు కూడా మెత్తగా గలగలమంటుంది. ఇప్పటి బ్యాటరీ బొమ్మలు కొన్ని బిడ్డ చెవి పక్కన పెడితే 85 డెసిబెల్స్ దాటతాయి. పెద్దవాళ్ళు రోజంతా పనిచేసే చోట అంత మోత ఉంటే చెవులకి ముప్పని చెప్తారు. అట్లాంటిది ఉయ్యాల్లో పెడతారా? తాటాకు గిలకని అవ్వ పొద్దునా సాయంత్రం గట్టిగా లాగి చూసేది. అల్లిక కొంచెం వదులైనా సరే, గమ్మున తీసుకుపోయి పొయ్యిలో వేసి కొత్తది అల్లేది. గవ్వ బయట పడేదాకా ఆగేది కాదు.

వంటిల్లు ఇంకో బొమ్మల కొట్టు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1962కల్లా దేశమంతటా కిలోలు, లీటర్లు తప్పనిసరి చేశారు. మా ఇంట్లో పాత కొలత గిన్నెలు, ఇత్తడి గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక అన్నీ ఉండేవి. కొలవడానికి వాటి అవసరం తగ్గేకొద్దీ అవి నేల మీదికి, పిలకాయల చేతికి వచ్చాయి. మా తమ్ముడికి రెండో ఏడు నడుస్తుండగా వాడి ఆటంతా వాటితోనే. అరసోలలో గిద్ద పడుతుంది, సోలలో అరసోల పడుతుంది, తవ్వలో సోల పడుతుంది. తవ్వని తీసుకెళ్ళి సోలలో పెట్టబోతాడు, అది పట్టదు. తిప్పి చూస్తాడు, కొట్టి చూస్తాడు, కోపం వచ్చి విసిరేస్తాడు, మళ్ళీ పాక్కుంటూ పోయి తెచ్చుకుంటాడు. ఎవరూ చెప్పలేదు వాడికి, చిన్నది పెద్దదాంట్లో పడుతుందని. చేతులకే తెలిసింది. ఇంకాస్త పెరిగాక ఇసక పోసి కొలిచాడు. రెండు గిద్దలు పోస్తే అరసోల నిండుతుంది, ఇంకో రెండు పోస్తే సోలకి సరిపోతుంది. బడి మొహం చూడకముందే రెండింతల లెక్క వాడికి వచ్చేసింది. ఇప్పుడు అవే గిన్నెల్ని రంగు రంగుల ప్లాస్టిక్కుతో చేసి, పెట్టె మీద బిడ్డ తెలివి పెరుగుతుందని రాసి అమ్ముతున్నారు. ఇంట్లో స్టీలు గిన్నెలు, కప్పులు, డబ్బాల మూతలు మూలుగుతుంటే వాటిని కొంటున్నారు. వంటింట్లోకి బిడ్డ వస్తే చాలు, గేటు పెట్టి ఆపేస్తున్నారు. పొయ్యి దగ్గరికి రానివ్వకండి, సరే. కింది అరలో నాలుగు గిన్నెలు బిడ్డవి అని వదిలేస్తే ఏం పోయింది?

టెంకాయ చిప్పని గరుకు రాయి మీద అంచు అరగదీసి, పైన పీచు లేకుండా గీకి ఇస్తే అది గిన్నె, టోపీ, తాళం, ఇసక అచ్చు, అన్నీ అదే. రెండు చిప్పలు కలిపి కొడితే టకటక. మైపాడు సముద్రం ఒడ్డున తడి ఇసకలో కాలు పెట్టి, పైన ఇసక కప్పి, తట్టి, మెల్లగా కాలు లాగితే పిచ్చిక గూడు. దానికి వాకిట్లో ఒక ఆల్చిప్ప. ఇవి చెప్పనక్కర్లేదు, మా ఈడు వాళ్ళందరికీ తెలుసు. అయినా ఇప్పుడు ఆదివారం ఆదివారం మైపాడు బీచికి కార్లేసుకుని వచ్చేవాళ్ళు బిడ్డని ఇసకలో దించరు. బట్టలు పాడవుతాయట. ఫొటో దిగి, బజ్జీలు తిని పోతారు.

ముంజెకాయల బండి ఎండాకాలం పండగ. ముంజెలు బొటనవేలితో తోడుకు తిన్నాక మిగిలే కాయలు రెండు తీసుకుని, మధ్యలో గట్టి పుల్ల గుచ్చితే ఇరుసు. పంగల కర్రతో ఆ ఇరుసుని తోసుకుంటూ పెద్ద పిలకాయలు వీధంతా పరిగెత్తేవాళ్ళు. రెండేళ్ళ వాళ్ళకి తోయడం రాదు కదా, అందుకని ఇరుసుకి తాడు కట్టి లాగుడు బండి చేసిచ్చేవాళ్ళు. వాడు ముందు నడుస్తాడు, బండి వెనక వస్తోందా లేదా అని మాటిమాటికీ తిరిగి చూస్తాడు. అట్లా తిరిగి చూస్తూ నడవడమే వాడికి పెద్ద విద్య. కాయలు ఎండి చీలిపోతే బండి పోయినట్టే. పోతే పోయింది, చెట్టుకి గెలలు ఉన్నాయి.

నడక బండి మాత్రం వడ్రంగి చేయాలి. మూడు చక్రాలు, అడ్డంగా పట్టుకోను ఒక కర్ర. కల్లం చేసినప్పుడు ఆయనకి ఇచ్చే గింజల్లోనే దాని కూలీ కూడా. వేప చెక్కతో చేసేవాడు, బరువుగా ఉండేది, ఇసక నేలలో తొందరగా జారేది కాదు. బిడ్డ తన కాళ్ళ మీద తనే నిలబడి, తన బలంతో తోసుకుంటూ పోవాలి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ప్లాస్టిక్ వాకరు. అందులో బిడ్డని కూర్చోబెట్టేస్తారు. కాళ్ళ మునివేళ్ళతో నేలని తన్నుతూ గచ్చు మీద జారిపోతాడు. మెట్ల మీద నించి పడతాడు, పొయ్యి దాకా పోతాడు. కెనడాలో 2004లో ఆ వాకర్ల అమ్మకాన్నే నిషేధించారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా నిషేధించమని ఏళ్ళుగా అడుగుతోంది. అది వాడితే నడక త్వరగా రాదు సరికదా, ఆలస్యం కూడా కావచ్చని వాళ్ళే చెప్తున్నారు. మన వడ్రంగి బండి మీద ఎవరూ ఏ నిషేధం పెట్టలేదు. కానీ మనమే దాన్ని అటక ఎక్కించాం.

నా అసలు బాధ ఏందో ఇప్పుడు చెప్తాను. బొమ్మలు మారితే మారాయి. బొమ్మ తయారవుతుండగా చూసే బిడ్డ ఇప్పుడు లేడు. మా అవ్వ తాటాకు మడుస్తుంటే మా తమ్ముడు ఆమె మోకాలి మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. ఆకు ఎక్కడ మడుస్తుంది, ఎక్కడ దూరుస్తుంది, కళ్ళు తిప్పకుండా చూసేవాడు. అవ్వ మాట్లాడుతూనే ఉండేది: "ఇదిగో ఇట్టా వంచాలి, ఇట్టా దూర్చాలి, ఉండు, లాగమాక, అయిపోయింది నాయనా." ఆ మాటలే వాడి మొదటి మాటలయ్యాయి. "ఉండు", "అయిపోయింది" వాడు నేర్చుకుంది అక్కడే. వస్తువు ఒకటి ఎక్కడి నించి వస్తుందో, ఎవరి చేతుల మీదుగా వస్తుందో తెలిసింది. విరిగితే ఏడవకుండా అవ్వ దగ్గరికి తెచ్చిచ్చేవాడు, బాగు చేస్తుందని తెలుసు కాబట్టి. ఇప్పుడు బొమ్మ తలుపు దగ్గరికి అట్టపెట్టెలో వస్తుంది. పాడైతే చెత్తబుట్టలోకి పోతుంది. మధ్యలో మనిషి చేయి లేదు, మనిషి మాట లేదు.

ఇది ముసలివాళ్ళ గొణుగుడని తోసేయకండి. అమెరికాలో నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయంలో అన్నా సోసా అనే ఆమె పది నుంచి పదహారు నెలల బిడ్డా, తల్లిదండ్రుల్లో ఒకరూ కలిసిన 26 జంటల్ని చూసింది. వాళ్ళ ముందు ఒకసారి బ్యాటరీ బొమ్మలు, ఒకసారి చెక్క బొమ్మల వంటి మామూలు బొమ్మలు, ఒకసారి పుస్తకాలు పెట్టింది. బ్యాటరీ బొమ్మలు ముందున్నప్పుడు పెద్దవాళ్ళు తక్కువ మాట్లాడారు, బిడ్డ నోటి నించి కూడా తక్కువ శబ్దాలు వచ్చాయి. బొమ్మ మాట్లాడుతుంటే అమ్మ నోరు మూతపడిందన్న మాట. ఈ అధ్యయనం 2015 చివర వెలువడింది. ఆ తర్వాత టోలెడో విశ్వవిద్యాలయం వాళ్ళు రెండేళ్ళ లోపు, ఆపైన కొంచెం వయసున్న పిల్లల ముందు ఒకసారి నాలుగు బొమ్మలు, ఒకసారి పదహారు బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువ సేపు ఆడారు, ఎక్కువ రకాలుగా ఆడారు. 2018 డిసెంబరులో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం తల్లిదండ్రులకి చెప్పింది కూడా ఇదే: చిన్నబిడ్డకి మంచి బొమ్మ అంటే ఖరీదైనదీ ఎలక్ట్రానిక్‌దీ కానక్కర్లేదు, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని ఆడించేది.

అంత దూరం ఎందుకు? మనకి రైలెక్కితే మూడు గంటల దూరంలోనే మద్రాసు అడయారు. పిల్లల చదువుకి తనదైన పద్ధతి పెట్టిన మరియా మాంటిస్సోరీ 1939లో అక్కడికి వచ్చింది, యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండిపోయింది. అంతకు చాలా ముందు, 1907లో, ఆమె రోములో కూలివాళ్ళ బిడ్డలకి బడి పెట్టింది. అక్కడికి ధనవంతులు మంచి మంచి బొమ్మలు పంపితే పిల్లలు వాటిని పట్టించుకోలేదు. నీళ్ళు పోయడం, గుడ్డ మడవడం, బల్ల తుడవడం, వీటికే ఎగబడ్డారు. ఆమె పద్ధతి పేరుతో ఇప్పుడు నెల్లూరు వీధుల్లో కూడా బోర్డులు కనిపిస్తాయి. ఆ బడికి ఫీజు కట్టి పంపిన బిడ్డ సాయంత్రం ఇంటికొచ్చి పప్పు గింజలు ఒక గిన్నెలో నించి ఇంకో గిన్నెలోకి పోస్తే మాత్రం ఇల్లంతా పాడు చేస్తున్నాడని కోప్పడతారు.

ఇక ఫోను. అన్నం పెట్టాలంటే ఫోను, ఏడిస్తే ఫోను, చుట్టాలొస్తే ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది: రెండేళ్ళు నిండని బిడ్డకి తెర చూపించనే కూడదు, రెండేళ్ళు నిండాక కూడా రోజుకి గంట దాటకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. మా చిన్నప్పుడు అన్నం పెట్టేటప్పుడు చేతిలో ఒక గరిట ఇచ్చేవాళ్ళు. దాన్ని పళ్ళెం మీద వాయిస్తూ అన్నం తినేవాళ్ళం. ఇల్లు హోరెత్తిపోయేది, ఎవరూ విసుక్కునే వాళ్ళు కాదు. ఇప్పుడు ఇంట్లో నిశ్శబ్దం కావాలి. ఆ నిశ్శబ్దం కోసం బిడ్డ కళ్ళని అమ్ముకుంటున్నారు.

చేద్దామన్నా సరుకేదీ అని అడుగుతారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. తొంభైల్లో మా తీరం వెంబడి రొయ్యల గుంటలు వచ్చాయి. తాటితోపులు, ఇసక దిబ్బలు ఎన్నో చదునైపోయాయి. తీరంలో గుంటల విషయం సుప్రీంకోర్టు దాకా పోయి, 1996 డిసెంబరులో గట్టి తీర్పే వచ్చింది, కానీ పోయిన చెట్టు తిరిగి రాదు. చీరలు చూస్తే అన్నీ పాలిస్టరు, జారిపోతాయి, చెమట పీల్చవు, మెత్తబడవు. వెంకటగిరి పక్కనే ఉన్నా నూలు చీర కట్టేవాళ్ళు తగ్గిపోయారు. అయినా టెంకాయ మానలేదు కదా ఎవరూ? పాత పంచె లేని ఇల్లుందా? నూలు దుప్పటి? అట్టపెట్టెలు వారానికి ఎన్ని వస్తున్నాయో మీకే తెలుసు. సరుకు ఉంది, కూర్చునే ఓపికే పోయింది.

మా రోజుల్లో ఉన్నవన్నీ మంచివని నేననను. గురివింద గింజలు ఎర్రగా అందంగా ఉంటాయని దండ గుచ్చేవాళ్ళు కొందరు. గింజ నలిగి కడుపులోకి పోతే అది విషం, పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఉండకూడదు. చింతగింజలు, వేరుశనగ గింజలు, సోడా మూతలు కూడా అంతే. మూడేళ్ళ లోపు బిడ్డకి ఇచ్చే వస్తువులో విడిపోయే ముక్క సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పూర్తిగా దిగిపోయేంత చిన్నది కాకూడదని ఈనాడు నిబంధన ఉంది. మా అవ్వ బిడ్డ నోటి ముందు పెట్టి చూసేది, పట్టేటట్టుంటే ఇచ్చేది కాదు. పాలిథిన్ సంచులు, పొడుగు తాళ్ళు అసలే వద్దు. కానీ అన్నిటికంటే ప్రమాదం ఇప్పటిదే: బిళ్ళ బ్యాటరీ. బిడ్డ దాన్ని మింగి అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. అట్లా జరిగిందని అనుమానం వచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. పాడే బొమ్మ, వెలిగే బొమ్మ ఇంట్లో ఉంటే దాని బ్యాటరీ మూతకి మరమేకు బిగించి ఉందో లేదో ఈ రాత్రే చూడండి.

కొనక తప్పకపోతే చూసి కొనండి. 2021 జనవరి 1 నించి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. హస్తకళాకారుల చేతి బొమ్మలకి అందులో మినహాయింపు ఇచ్చారు. మన రాష్ట్రంలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర మీద లక్కతో, చెట్ల నించి తీసిన రంగులతో బొమ్మలు చేస్తారు. ఆ సహజ రంగుల్ని తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అట్లాంటి బొమ్మ ఒక్కటి కొనండి, ఇరవై వద్దు.

పిల్లలే అడుగుతున్నారు కదా, మేమేం చేసేది అంటారు. శూద్రకుడి 'మృచ్ఛకటికం' మనవాళ్ళకి తెలిసిన నాటకమే. పక్కింటి బిడ్డ బంగారు బండి చూసి చారుదత్తుడి కొడుకు రోహసేనుడు ఏడుస్తాడు. దాసి రదనిక మట్టిబండి చేసిస్తే వద్దంటాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నింపుతుంది. కాబట్టి పక్కవాడిది చూసి ఏడవడం కొత్తది కాదు. కానీ అది కాస్త ఊహ తెలిసిన బిడ్డ సంగతి. ఏడాది బిడ్డ, ఏడాదిన్నర బిడ్డ పక్కింట్లో ఏం బొమ్మ ఉందో చూసి ఏడవడు. ఆ వయసులో ఆశ పెద్దవాళ్ళదే. నలుగురిలో తక్కువ కాకూడదని మనం కొంటున్నాం, బిడ్డ పేరు చెప్తున్నాం. మట్టిబండి అంటే చులకన ఎందుకు? హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన బొమ్మల్లో మట్టి ఎద్దుబండ్లు, పిట్ట ఆకారంలో ఈలలు ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ళు దాటిన బొమ్మలవి. మొన్నటిదాకా మన పల్లెల్లో పిలకాయలు ఆడింది కూడా అట్లాంటి బండ్లే.

మా మనవరాలు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. తన బిడ్డకి ఏడాది నిండేటప్పటికి ఏం కావాలవ్వా అని ఫోను చేసింది. నీ పాత నూలు చున్నీ ఉందా అని అడిగాను. వీడియోలో చూపిస్తూ చుట్ట చుట్టించాను, మడత పెట్టించాను, మెడ కట్టించాను. కన్ను ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చింది. బిడ్డ పక్కనే కూర్చుని చూస్తూ, దారం కొస పట్టుకుని లాగుతూ, తల్లి చేత తిట్లు తింటూ ఉంది. ఆ బొమ్మ పూర్తయ్యేసరికి దానికి "అయిపోయింది" అనే మాట వచ్చింది, అచ్చ తెలుగులో. తాటిచెట్టు లేని దేశంలో కూడా పని జరుగుతుందని తెలిసింది.

అందుకే మా ఈడు వాళ్ళకి, అవ్వలకి, తాతలకి చెప్పేది ఒక్కటే. పిల్లలు వినడం లేదు, మనవల్ని ఫోన్లకి వదిలేశారు అని అరుగుల మీద కూర్చుని వాపోతే లాభం లేదు. చేసే పని వచ్చింది మనకి, వాళ్ళకి కాదు. మీ చేతులు ఇంకా పనిచేస్తున్నాయి కదా. పాత పంచె చించండి, టెంకాయ చిప్ప అరగదీయండి, ఊరికి పోయినప్పుడు నాలుగు తాటాకులు తెచ్చుకోండి. అట్టపెట్టెకి కిటికీ కోసి తాడు కట్టండి. మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బాలో గవ్వలు వేసి మూసి, చుట్టూ గుడ్డ కుట్టేయండి. బిడ్డని పక్కన కూర్చోబెట్టుకుని, మాట్లాడుతూ చేయండి. కొడుకునీ కోడలినీ కూడా కూర్చోమనండి, నేర్పండి. ఈ విద్య తెలిసిన తరం మనతోనే ఆఖరు. మనం నేర్పకుండా పోతే తాటాకు గిలక ఎట్లా అల్లాలో రేపు మన పల్లెల్లో చెప్పేవాళ్ళు ఉండరు.